పైయింటి నీరు

“నీరు పల్లమెఱుగు, నిజము దేవుడెఱుగు” అని మనవారి సామెత. నీటికి తెలిసిన ఆ యొక్క సంగతిని మఱచి, నేడు మన చదువుకొన్నవారు కొండవాలులయందు ఇండ్లు కట్టుచున్నారు. చెట్లు కొట్టి, గట్టు చెక్కి, చెక్కిన మట్టిని దిగువకు దొర్లించి, చదునైన చోట మేడ లేపి, ఆ మేడమీదినుండి సముద్రమును చూచి సంతోషించుచున్నారు. మేడకు గదులెన్ని యుండవలెను, కిటికీ లే దిక్కున నుండవలెను, గోడల రంగేది యని పదిమంది నడుగుదురు. ఆ మేడమీద పడిన వాన యెచ్చటికి పోవునని యొక్కరినైనను అడుగరు. అడుగని యీ ప్రశ్నకు సమాధానము క్రిందియింటివాడు చెప్పవలసివచ్చుచున్నది. ఒక్కొక్కప్పుడు ప్రాణములతో చెప్పవలసివచ్చుచున్నది.

ఈ వ్యాసమున నేను స్థాపింపదలచినది యొక్కటే. కొండవాలున కాపురముండదలచినవానికి మొదటి కట్టడము ఇల్లు కాదు, కాలువ. కాలువ లేక ఇల్లు కట్టుట కేవలము అజాగ్రత్త కాదు. తన బరువును పొరుగువాని నెత్తిపై దొంగచాటుగా మోపుట. దీనిని ఇంజనీర్లకు సంబంధించిన సంగతియని ప్రక్కకు నెట్టివేయుట మనకు అలవాటైనది. కాని ఇది మొదట ధర్మమునకు సంబంధించిన సంగతి; శాస్త్రము దానికి సాక్షి మాత్రమే.

ఇది లేనిపోని భయము కాదు. 2024 ఆగస్టు 31వ తేదీన బెజవాడ మొగల్రాజపురమున కొండచఱియ విఱిగి, పాదమున నున్న ఇండ్లపై బండలు పడి, మనుష్యులు మరణించిరి. వెంటనే వచ్చిన బుడమేటి వఱద మఱింత పెద్దదగుటచే లోకము ఆ కొండను త్వరలోనే మఱచినది. ఆ సెప్టెంబరు మాసముననే విశాఖపట్టణమున గోపాలపట్నము కొండవాలున నేల జాఱి ఇండ్లు ప్రమాదమున పడెను. 2025 ఏప్రిలు 30వ తేదీన, సింహాచలమున చందనోత్సవమునాటి తెల్లవాఱుజామున, క్రొత్తగా కట్టిన గోడ యొకటి వానవేళ కూలి, దర్శనమునకై వరుసలో నిలిచియున్న భక్తులు ఏడుగురు చనిపోయిరి. ఒకచోట బండ, ఒకచోట మట్టి, ఒకచోట గోడ. మూడింటి కథలును వేఱువేఱు. కాని మూడుచోట్లను చివరి దెబ్బ కొట్టిన వేళ వానవేళయే, చివరి త్రోపు త్రోసినది నీరే.

ఇట్టివి జరిగినప్పుడెల్ల మనవారు “దైవికము” అని యొక మాట యని, నిట్టూర్చి, మఱునాటి పనిలో పడుదురు. వాన దైవికము కావచ్చును. వాలును చెక్కుట దైవికమా? చెట్లను కొట్టుట దైవికమా? వాగును పూడ్చి ప్లాటుగా అమ్ముట ఏ దేవుని లీల? మనము చేసినదానికి దేవుని సంతకము పెట్టించుట భక్తి కాదు; ఫోర్జరీ.

చెట్లతో నిండిన వాలు వానను భరించు విధమును మొదట గమనింపుడు. చినుకు తిన్నగ నేలను కొట్టదు. కొంత ఆకులపై నిలిచి అచ్చటనే ఆఱిపోవును. కొంత కొమ్మలవెంబడి, మ్రానివెంబడి మెల్లగ దిగును. మిగిలినది క్రింద రాలిన యాకుల పఱుపుపై పడును. ఆ పఱుపు దెబ్బను తాను తినును గాని మట్టిని తిననీయదు. పఱుపు క్రింద వానపాములును చీమలును కుళ్లిన వేళ్లును చేసిన సన్నని త్రోవలు వేలకొలది కలవు. నీరు వానిగుండ లోని కింకును. పైన పాఱునది కొంచెము. అదియు తొందరలేక పాఱును. ఈ యేర్పాటును కట్టుటకు ప్రకృతికి వందల యేండ్లు పట్టినవి. మట్టి త్రవ్వు యంత్రమునకు దీనిని ఊడ్చివేయుటకు ఒక పగలు చాలును.

వేళ్ల సంగతి ఇంకను విచిత్రమైనది. పెద్దవేళ్లు లోపలి గట్టినేలను, బండల సందులను చొచ్చి మేకులవలె నిలుచును. సన్నవేళ్లు పైమట్టిని వలవలె అల్లుకొనును. చెట్టును కొట్టిననాడే ఈ మేకులును ఈ వలయు మాయము కావు. నేలలోపల మెల్లమెల్లగ కుళ్లును. కావున చెట్లు కొట్టిన తరువాత మొదటి వానకారున వాలు కదలకపోవచ్చును, రెండవయేటను కదలకపోవచ్చును. “చూచితిరా, ఏమియు కాలేదు” అని కొట్టినవాడు మీసము దువ్వును. పాతవేళ్లు కుళ్లిపోయి, వాని చోట క్రొత్తవేళ్లు బలపడని కాలమున, సాధారణముగ మూడేండ్లు మొదలు పదియేండ్లు దాటు లోపల, వాలు మిక్కిలి బలహీనమై యుండునని పలుదేశముల అటవీశాస్త్రజ్ఞులు పరిశీలించి తేల్చియున్నారు. ఈ లోపల చెట్లు కొట్టినవాడు స్థలమును ముక్కలుచేసి అమ్ముకొని పోయినాడు. కొన్నవాడు ఇల్లు కట్టి అద్దెకిచ్చినాడు. నేల జాఱిననాడు నేరస్థుడు అచ్చట లేడు, నిద్రపోవుచున్న అద్దెయింటివాడున్నాడు. చేసిన యేట శిక్ష పడని నేరము, చేసినవానిపై పడని నేరము, ఇంతకంటె సుఖమైన నేరము లోకమున మఱియొకటి కలదా?

2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణపు కొండలమీద చెట్లను ఊచకోత కోసినది. గాలి కూల్చిన చెట్లకు మనము దుఃఖించితిమి, మరల నాటవలెనని కోరితిమి. అది న్యాయమే. అదే కొండలపై గొడ్డలి కూల్చిన చెట్లకు మనము గృహప్రవేశపు విందులు చేసికొనుచున్నాము.

ఇక నీటిలెక్క చూతము. ఈ లెక్క చిన్నది. మన బాలబాలికలు చేయగలరు. ఒక చదరపు మీటరు స్థలముపై ఒక మిల్లీమీటరు వాన కురిసిన ఒక లీటరు నీరగును. నూఱు చదరపు మీటర్ల డాబా, అనగా సుమారు నూట ఇరువది గజముల డాబా, మన మధ్యతరగతి గృహస్థునికి సామాన్యమైనది. దానిపై ఒక దినమున 100 మిల్లీమీటర్ల వాన కురిసిన 10,000 లీటర్ల నీరు దిగును. వాయుగుండము తీరమును తాకిననాడు మన కోస్తాకు 100 మిల్లీమీటర్లు విశేషమైన వాన కాదు. వాకిలికి సిమెంటు, ప్రక్కసందుకు బండలు, కారు నిలుపుచోట పలకలు పఱచినయెడల ఈ నీరు ఇంకను హెచ్చును. పది యిండ్లు కలిసిన లక్ష లీటర్లు. అడవిగా నున్ననాడు ఈ నీటిలో చాలభాగము వేయిచోట్ల ఇంకి, దినములతరబడి దిగుచుండెను. నేడది నిమిషములలో, ఒక గొట్టముగుండ, ఒకచోట దిగుచున్నది. గొట్టము కొన ఎచ్చటనున్నది? చూడుడు: తఱచుగ అది క్రిందియింటివాని గోడవైపు తిరిగియుండును.

నీరు ఒకచోట చేఱి వడి హెచ్చెనా, దాని బలము మన యూహ కందదు. పాఱునీటి వడి రెట్టింపైనప్పుడు అది దొర్లింపగల రాతి బరువు రెట్టింపు కాదు. సిద్ధాంతమునుబట్టి అఱువదినాలుగు రెట్లగునని 19వ శతాబ్దముననే గణించిరి. నిన్న ఇసుకను కదల్చిన పాయ నేడు రాళ్లను కదల్చుటలో వింత యేమియు లేదు. భీమునిపట్టణపు త్రోవలో ఎఱ్ఱమట్టి దిబ్బలను చూడబోవువారు ఫొటోలు తీసికొని తిరిగివత్తురు గాని, అచ్చటి పాఠమును వెంట తెచ్చుకొనరు. ఆ లోతైన చీలికలను త్రవ్వినది వాననీరే. అచ్చట ప్రకృతి తన తీరికమీద చేసిన పనిని మనము మన పెరటిగొట్టముతో తొందరపెట్టుచున్నాము.

“మేము గట్టి గోడ కట్టించితిమి, మాకేమి భయము?” అని గృహస్థు అడుగును. ఈ గోడపై నమ్మకము మన కాలపు క్రొత్త మూఢవిశ్వాసము. ఇల్లు కట్టువాడు వాలును మెట్టుగ చెక్కును. పైవైపున నిలువుగ కోసిన గట్టు, క్రిందివైపున పోసిన వదులుమట్టి. పోసిన మట్టి జాఱకుండ నొక రిటైనింగు గోడ. గోడ దళసరిగ నున్నది, సిమెంటు మేలైనది, ఇనుము దండిగ వేసిరి. అంతయు బాగుగనే యున్నది. కాని గోడవెనుక చేరిన నీరు బయటికి పోవు దారి ఏది? వెనుక మూడు మీటర్ల ఎత్తు నీరు నిలిచినయెడల, గోడ యడుగున ప్రతి చదరపు మీటరుపై నీటివలననే మూడు టన్నుల ఒత్తిడి కలుగును. మట్టి త్రోపు దీనికి అదనము. గోడను మట్టికొఱకు కట్టిరి. అది నీటిచేత కూలుచున్నది. దీనికి మందు మిక్కిలి చవుక. గోడలో వరుసగ నీరు కాఱు రంధ్రములు విడువవలెను. వెనుక కంకర పొర వేసి, మట్టి రంధ్రములను పూడ్వకుండ చూడవలెను. అడుగున నీటిని పట్టి దూరముగ కొనిపోవు కాలువ యుండవలెను. గోడ ఖర్చులో ఇది యెంత? లెక్కింపదగినంత యైనను కాదు. ఐనను మన మేస్త్రీలు కొందఱు రంధ్రములు మఱతురు. మన గృహస్థులు కొందఱు అందము చెడునని వానిపై పూత పూయింతురు.

మన పూర్వులకు ఈ సంగతి తెలియదా? తెలుగువాడు చెఱువులు కట్టిన జాతివాడు. అలుగు లేని చెఱువు ఏ యూరనైన నున్నదా? కట్ట యెంత గట్టిదైనను, నిండిన నీరు పోవుటకు త్రోవ విడువకున్న ఒక్క రాత్రిలో తెగునని కూలివానికిని తెలియును. కడపమండలమున పోరుమామిళ్ల చెఱువు వద్ద 1369వ సంవత్సరపు శాసనమొకటి కలదు. విజయనగర రాజకుమారుడు భాస్కరుడు ఆ చెఱువును కట్టించి, మంచి చెఱువునకు పన్నెండంగము లుండవలెననియు, ఆఱు దోషము లుండరాదనియు శిలపై చెక్కించెను. ఆ దోషములలో కట్టనుండి నీరు ఊఱుట యొకటి. ఆఱువందల యేండ్లకు పూర్వము కట్టలోని ఊటను దోషమని రాతిపై వ్రాయించిన జాతి, నేడు తన యింటివెనుక గోడనుండి ఎఱ్ఱనీరు ఊఱుచుండగా సున్నము కొట్టించి సంతోషించుచున్నది. కొండపై కాలువలేని యిల్లు అలుగులేని చెఱువే. పేరు మాఱినంతమాత్రమున స్వభావము మాఱదు.

వాననీరు ఏటికి నాలుగు మాసములే. ముఱుగునీరు పండ్రెండు మాసములును కలదు. కొండపై నిండ్లకు తఱచుగ ఊరి ముఱుగుకాలువ అందదు. కావున ప్రతివాడును సెప్టిక్ టాంకు కట్టి, దాని నీటిని ఇంకుడుగోతిలోనికి విడుచును. స్నానము, వంట, బట్టల యుదుకు నీరంతయు ఆ వాలు లోనికే పోవును. ఆ విధముగ వాలు వేసవియందును ఎండక, లోలోపల నానియే యుండును. తొలకరి వచ్చునప్పటికి దాని కడుపు సగము నిండియున్నది. పైనుండి తుపానువాన వచ్చి మిగిలిన సగమును నింపును. పగిలిన మంచినీటి గొట్టమును నెలలతరబడి బాగుచేయింపని యింటివాడును ఇదే పని చేయుచున్నాడు. ఏడాది పొడవున మనమే నీరు పోసి, చివరి నాలుగు దినముల వానను నిందించుట న్యాయమా?

ఇప్పుడు మన యింటింటి పురోహితుడైన వాస్తువుకడకు వచ్చెదను. ఈశాన్యము పల్లముగ నుండవలెననియు, ఇంటినీరు ఆ దిక్కుగనే పోవలెననియు వాస్తువు చెప్పువారు శాసింతురు. చదునైన యూరియందు ఈ నియమము పాటించినందువలన గొప్ప కీడు లేదు. కాని నైరుతికి వాలిన కొండపైనను దీనినే పాటింపజేయుచున్నారు. కొండ నైరుతికి దిగుచున్నది; శాస్త్రము ఈశాన్యమునకు దిగుమనుచున్నది. ఏమి చేయుదురు? నైరుతిమూలను మట్టిపోసి ఎత్తుచేయుదురు. అనగా వాలు చివర, మిక్కిలి బలహీనమైన యంచున, వందల బండ్ల వదులుమట్టిని బరువుగ మోపుదురు. ఈశాన్యమున కొండను తొలిచి పల్లము చేయుదురు. అనగా వాననీటిని కొండపొట్టలోనికే త్రిప్పుదురు. కొండ తన పల్లమును తానెఱుగును, నీరును ఎఱుగును. ఎఱుగనివారు ఇద్దఱే: సలహా చెప్పినవాడును, సొమ్మిచ్చినవాడును. వీరేశలింగము పంతులుగారు మూఢాచారములపై కలము పట్టి నూఱేండ్లు దాటినది. ముహూర్తము చూచి శంకుస్థాపన చేయు మనము, ఒక్క వానకారైనను నిలిచి ఆ స్థలమున నీరు పాఱు త్రోవను చూడము. చూచినయెడల ఆ స్థలమే మనకు వాస్తువు చెప్పియుండును.

కొందఱు చట్టము చేతబట్టి వాదింతురు. “నీరు పల్లమునకు పోవుట సహజము. పైవాని నీటిని క్రిందివాడు భరింపవలసినదే” యని వారి మాట. అప్పటి మదరాసు రాజధానికిని వర్తించిన 1882వ సంవత్సరపు ఈజ్‌మెంట్ల చట్టము ఇట్టి హక్కును గుర్తించిన మాట నిజము. కాని ఆ చట్టము చెప్పిన మాటను పూర్తిగ చదువుడు. పైభూమిలో సహజముగ పుట్టిన, లేక దానిపై సహజముగ పడిన నీరు క్రిందిభూమికి సహజముగ పాఱుటను క్రిందివాడు అడ్డగింపరాదనియే దాని తాత్పర్యము. డాబాపై పట్టి, గొట్టములో కూర్చి, క్రిందివాని పునాదిపై గుఱిపెట్టి విడిచిన నీరు సహజముగ పాఱిన నీరా? ఆకుపై పడి నేలలో నింకి చెలమగ వచ్చిన నీటికిని దీనికిని పోలిక యెక్కడ? చట్టము కొండకు ఇచ్చిన హక్కును మనము గొట్టమునకు అంటగట్టుచున్నాము. చట్టము ఎట్లున్నను, మన యెంగిలి విస్తరిని పొరుగువాని వాకిట వేయుటకు సిగ్గుపడు మనము, మన నీటిని అతని పునాదిలోనికి విడుచుటకు ఏల సిగ్గుపడము?

“అడవితో నిండిన కొండలును జాఱుచున్నవి గదా?” యని మఱికొందఱు. ఇది త్రోసివేయదగిన ప్రశ్న కాదు. 2024 జూలై 30వ తేదీన కేరళ వయనాడులో ముండకై, చూరల్‌మల గ్రామములను తుడిచిపెట్టి 250 మందికి పైగా బలిగొన్న కొండప్రవాహము పైన చెట్లున్న వాలుననే పుట్టినది. మితిమీఱిన వానకు అడవియు తల వంచును, నిజమే. కాని దీనినుండి తీయవలసిన సిద్ధాంతమేది? అడవి యున్న కొండయే ఒక్కొక్కప్పుడు నిలువలేకపోవుచుండగా, అడవి లేని కొండ నిలుచునని నమ్ముట ఏమి వివేకము? గొడుగున్నను పెనువానకు తడిసితిమని గొడుగును పాఱవేయువాడు కలడా? ఆ దుర్ఘటన చెప్పునది మఱియొక్కటి కూడ. వాగు తన దారిని మఱవదు. ఆ దారిలో మనము కాపురముండరాదు.

ఇచ్చట ఒక భేదము చెప్పక తప్పదు. విశాఖలోను బెజవాడలోను కొండలెక్కిన వారందఱును సముద్రమును చూచుటకు ఎక్కలేదు. మైదానమున గజము నేల కొనలేక, పనికి దగ్గఱగ తలదాచుకొనుటకు ఎక్కిన బీదలు వేలకొలది కలరు. వారిని నిందించుట ఈ వ్యాసము ఉద్దేశము కాదు. వారికి వేఱుచోట ఇల్లు చూపుట, అంతవఱకు వారి వాడలకు మెట్లును కాలువలును కట్టించుట మునిసిపాలిటీల విధి. దీపము, ఓటు, పన్ను కొండపైకి ఎక్కినవి. కాలువ మాత్రము ఎక్కుటకు ఆయాసపడుచున్నది. నా తగవు వారితో కాదు. మైదానమున కొనగల శక్తియుండియు చల్లగాలికై అడవివాలును కొని, ఆ బీదల నెత్తిపై తన నీటిని విడుచు చదువరితోనే నా తగవు. పైనున్నవాడు ధనికుడు, క్రిందనున్నవాడు దరిద్రుడు. నీరు మాత్రము ఇద్దఱిని కలుపుచున్నది.

ఇది తీఱని వ్యాధి కాదు. హిమాలయపాదమున నైనితాల్ అను సరస్సునగరము కలదు. 1841 తరువాత తెల్లదొరలు ఆ చల్లని కొండలపై బంగళాలు కట్టిరి. 1880 సెప్టెంబరు 18వ తేదీన, ఎడతెగని వానల నడుమ, పట్టణముపైనున్న వాలు విఱిగిపడి 151 మంది చనిపోయిరి. వారు ఏడ్చి ఊరకుండలేదు. కొండలపై నుండి నీటిని వెంటవెంటనే సరస్సులోనికి దించుటకు కాలువల వల నల్లిరి. ఆ కాలువలవలననే ఆ పట్టణము నిలిచినది. హాంగ్‌కాంగులో 1972 జూన్ 18వ తేదీన ఒక్కదినముననే రెండు వాలులు కూలి 138 మంది మరణించిరి. 1976లో మరల నట్టి దుర్ఘటనయే జరిగినది. అంతట 1977లో వాలులను పరీక్షించుటకే ప్రత్యేకముగ నొక ప్రభుత్వకార్యాలయమును స్థాపించిరి. మనుష్యులు చెక్కిన వాలులకు లెక్కలు వ్రాసి, సంఖ్యలిచ్చి, సుమారు 60,000 వాలులను జాబితా కెక్కించిరి. ప్రతిదానికిని కాపుదల బాధ్యు డెవడో నిర్ణయించిరి. అప్పటినుండి అచ్చట ఇట్టి మరణములు మిక్కిలి తగ్గినవి. మన నగరములలో చెక్కబడిన వాలులెన్ని? వాని బాధ్యులెవరు? ఇంటిసంఖ్య యిచ్చి పన్ను వ్రాసిన పుస్తకమున వాలునకు ఒక పంక్తి లేదు.

దూరదేశముల మాట యేల? మన శ్రీకాకుళపు ఏజెన్సీలో సవరలున్నారు. గిడుగు రామమూర్తి పంతులుగారు వారి భాషను నేర్చి, వ్యాకరణము వ్రాసి, నిఘంటువు కూర్చిరి. మనము పంతులుగారిని పొగడితిమి గాని సవరలనుండి ఏమియు నేర్చుకొనలేదు. వారును పోడు కొట్టుదురు, కాదనను. కాని నిలువువాలును మెట్లుమెట్లుగ మలచి, ప్రతి మెట్టునకు రాతికట్టు కట్టి, పైమడినుండి క్రిందిమడికి నీటిని మెల్లగ దించు నేర్పు వారికి తరతరములుగ కలదు. పైమడివాడు నీటిని ఎట్లు విడుచుననుదానిపై క్రిందిమడి బ్రదుకు ఆధారపడియున్నదని వారెఱుగుదురు. చదువురానివాడు మడికి చేసిన మర్యాదను చదువుకొన్నవాడు మనిషికి చేయలేకున్నాడు.

గృహస్థులు చేయవలసిన పను లేమన: స్థలము కొనునప్పుడే ఒక పెనువాననాడు అచ్చటికి పోయి నీటి త్రోవలను చూడవలెను. ఉత్తరాంధ్రులు గెడ్డయనుదానిని, ఇతరులు వాగనుదానిని, అది ఎండియున్నను, పూడ్వరాదు. అట్టిచోట ప్లాటును ఉచితముగ నిచ్చినను కొనరాదు. వాలు నంతను చదునుచేయక, ఇంటినే మెట్లుగ దింపి కట్టుకొనవలెను. ఇంటికి పైవైపున, వచ్చు నీటిని అడ్డగించి ప్రక్కకు త్రిప్పు కాలువ యొకటి మొదట త్రవ్వవలెను. డాబానీటిని సాధ్యమైనంత తొట్లలో నిలువజేసికొని, మిగిలినదానిని మెట్లకాలువగుండ, వడి విఱిచి, ఊరి కాలువవఱకు తానే దించవలెను. వాలు అంచున ఇంకుడుగొయ్యి త్రవ్వరాదు. తవ్విన మట్టిని దిగువకు దొర్లింపరాదు. చెట్టును కొట్టక తప్పనిచో దాని మొదలును నేలలోనే విడిచి, ఆ వానకారుననే క్రొత్తది నాటవలెను. వేసవిలో తడికలు కట్టుకొను మన వట్టివేరు, మూడు మీటర్లవఱకును లోతుగ దిగి మట్టిని పట్టగలదని లోకమంతయు గుర్తించి, వాలులపై వరుసలుగ నాటుచున్నది. దాని సువాసన నెఱిగిన మనము దాని బలమును ఎఱుగకుండుట వింత.

ఇల్లాండ్రకు ఒక మనవి. మగవారు ఇల్లు కట్టింతురు. ఇంటిని కనిపెట్టి చూచువారు మీరు. మృగశిరకార్తెకు ముందే కాలువలలోని ఆకును మట్టిని తీయింపుడు. గోడరంధ్రములను పుల్లతో పొడిచి చూడుడు. నిన్నటివఱకు చక్కగ మూసికొనిన తలుపు నేడు పట్టుచున్నదా? గోడపై మూలవాటుగ చీలిక వచ్చినదా? పెరటి చెట్టు, కరెంటు స్తంభము ఒక ప్రక్కకు ఒఱగుచున్నవా? లేని చోట ఊట పుట్టినదా? ఉన్న ఊట బురదరంగు తిరిగినదా? ఇవి నేల మనతో మాటలాడు మాటలు. ఇట్టివి కనబడిన వాననాడు సామాను కొఱకు ఆగక, పిల్లలను వృద్ధులను వెంటబెట్టుకొని వెలుపలికి పొండు. క్రిందియింటివారిని పిలిచి చెప్పి పొండు.

ఇక నగరములను ఏలువారిని మనము అడుగవలసినది యొక్కటే. ఇంటి పటమును అనుమతించునట్లే నీటి పటమును అడుగుడు. ఈ యింటి నీరు ఏ దారిని, ఎవరి నేలమీదుగ, ఏ కాలువలో చేరునో గీచి చూపనివానికి ఇటుక పేర్చుటకు అనుమతి ఈయకుడు. కాలువ ముగిసినగాని పునాది త్రవ్వనీయకుడు. ఇది కఠినమని యనువారు, కూలిన గోడ క్రిందనుండి శవములను తీయుటకంటె ఇది కఠినమా యని తమను తాము ప్రశ్నించుకొందురు గాక.

మన సంఘసంస్కారము అంటరానితనమును గూర్చి, విధవల దుఃఖమును గూర్చి, బాలికల చదువును గూర్చి మాటలాడినది. అవన్నియు ఒక్క సత్యమునుండి పుట్టినవి: మన సుఖము మఱియొకని నెత్తిపై నిలువరాదు. ఆ సత్యమునకు గోడలోపల ఒక అర్థము, గోడవెలుపల ఒక అర్థము లేదు. నీరు పల్లమెఱుగును. ఆ పల్లమున ఎవరున్నారో పైయింటివాడు ఎఱిగి కట్టవలెను.